మూత్రాశయం తీసేసే ముందు కీమో మాట చెప్పండి: యూరాలజిస్టులకు, ఆరోగ్య పథకాల అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని యూరాలజిస్టులకు, క్యాన్సర్ వైద్యులకు, ప్రభుత్వ ఆరోగ్య పథకాలు నడిపే అధికారులకు

విషయం: మూత్రాశయం గోడలోని కండరంలోకి దిగిన క్యాన్సర్‌కు ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కీమోథెరపీ గురించి పేషెంట్లకు చెప్పకపోవడం

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మాది జంగారెడ్డిగూడెం దగ్గర ఒక పల్లెటూరు. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పని చేశారు, అన్నేళ్లూ చుట్ట కాల్చారు. మూత్రాశయ క్యాన్సర్‌తో పోయారు. ఆయన వైద్యంలో ఒక ముఖ్యమైన మెట్టు ఎందుకు వదిలేశారో చెప్పమని, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి రెండుసార్లు ఉత్తరం రాశాను. స్పీడ్ పోస్టు అందిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది తప్ప జవాబు రాలేదు. స్వయంగా వెళ్తే "సార్ ఓటీలో ఉన్నారు" అన్నారు. సాయంత్రం దాకా కూర్చుని, ఆఖరి బస్సు పట్టుకుని వచ్చేశాను.

అందుకే ఇప్పుడు మీ అందరికీ రాస్తున్నాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. తర్వాత కీమో వార్డు బయట బెంచీల మీద నాకు ఇంకో నలుగురు కలిశారు. ఊళ్లు వేరు, ఆసుపత్రులు వేరు, కథ మాత్రం మాదే. కాబట్టి ఇది ఒక్క డాక్టరు గురించి కాదు.

మీ చేతి పనితనం మీద నాకు అనుమానం లేదు. మూత్రాశయం మొత్తం తీసి, పేగు ముక్కతో కొత్త దారి కట్టే ఆపరేషన్ ఎన్ని గంటలు పడుతుందో ఓటీ బయట కూర్చుని చూశాను. నా బాధంతా ఆ ఆపరేషన్‌కు ముందు జరగాల్సిన ఒక్క సంభాషణ గురించే.

మా ఇంట్లో జరిగింది ఇదీ. సంక్రాంతికి నాన్న మూత్రంలో మొదటిసారి రక్తం కనిపించింది. నొప్పి లేదు. వేడి చేసిందన్నారు. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగించాం. ఊళ్లో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ ఇస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది. ఉగాది దాటాక గానీ స్కానింగ్‌కు వెళ్లలేదు. ఆ ఆలస్యం మాదే, ఎవరి మీదా వేయను. లోపలికి గొట్టం పంపి గడ్డను గీకి తీశారు. బయాప్సీ రిపోర్టులో హై గ్రేడ్ (వేగంగా పెరిగే రకం) అని, కండరంలోకి దిగిందని రాసి ఉంది. డాక్టరుగారు "మూత్రాశయం తీసేయాలి, ఆలస్యం చేస్తే పాకుతుంది, ఎప్పుడు చేరతారు?" అన్నారు. మూడు వారాల్లో ఆపరేషన్ అయిపోయింది. ఆ మూడు వారాల్లో కీమో అనే మాట ఎవరి నోటా రాలేదు. క్యాన్సర్ మందుల డాక్టరును కలవమని ఎవరూ అనలేదు.

ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్, జ్వరం, దాంతో కిడ్నీ దెబ్బతింది. ఇరవై ఆరు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. తీసిన మూత్రాశయం రిపోర్టు వచ్చేసరికి క్యాన్సర్ బయటి కొవ్వులోకి, ఒక లింఫ్ గ్రంథిలోకి చేరిందని తేలింది. అప్పుడు పంపారు మెడికల్ ఆంకాలజిస్టు, అంటే ఆ క్యాన్సర్ మందుల డాక్టరు దగ్గరికి. ఆయన ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, "ఆపరేషన్‌కు ముందు ఇక్కడికి పంపలేదా?" అని అడిగారు. "లేదు సార్" అన్నాను. ఇంకేమీ అనలేదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, ఇవ్వాల్సిన అసలు కీమో మందు సిస్‌ప్లాటిన్ ఇప్పుడు ఇవ్వలేమని చెప్పారు.

ఇంటికొచ్చాక లెక్క నేనే వేశాను. సిస్‌ప్లాటిన్ ఇవ్వొచ్చా లేదా అని, కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో చూడటానికి మీరు వాడే సూత్రం చాలా చిన్నది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగిస్తారు. ఆపరేషన్‌కు ముందు నాన్న వయసు 62, బరువు 60 కిలోలు, క్రియాటినిన్ 1.0. లెక్క 65 వచ్చింది. మామూలుగా 60 దాటితే సిస్‌ప్లాటిన్ ఇవ్వొచ్చంటారు. ఆ మందుకు మిగతా అడ్డంకులూ లేవు: ఆయన చెవులు బాగానే వినబడేవి, కాళ్లల్లో తిమ్మిర్లు లేవు, గుండె బాగుంది, రోజూ సైకిల్ తొక్కేవారు. ఆపరేషన్ తర్వాత బరువు 54, క్రియాటినిన్ 1.9. లెక్క 31కి దిగింది. అదే మనిషి, అదే నోట్‌బుక్కు, మధ్యలో రెండు నెలలు. నోట్‌బుక్కు మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తొమ్మిది నెలలకు ఊపిరితిత్తుల్లో కనబడింది. ఆపరేషన్ అయిన పదహారో నెలలో నాన్న పోయారు.

ముందే కీమో ఇచ్చి ఉంటే నాన్న బతికేవారని నేను అనను. ఆ మాట ఎవరూ అనలేరు. కానీ ఆ అవకాశం ఉందని ఆయనకు చెప్పి ఉండాల్సింది. ఎందుకంటే ఇది నిన్నో మొన్నో వచ్చిన వైద్యం కాదు. అమెరికాలో 1987లో మొదలైన ట్రయల్‌లో (పేషెంట్లతో వైద్యాన్ని పోల్చి చూసే పరిశోధనలో) 317 మంది చేరారు. సగం మందికి నేరుగా ఆపరేషన్, సగం మందికి ముందు మూడు సైకిళ్ల (విడతల) కీమో, తర్వాత ఆపరేషన్. ఫలితాలు 2003లో వచ్చాయి. నేరుగా ఆపరేషన్ అయినవారి మధ్యస్థ ఆయుష్షు 46 నెలలు, ముందు కీమో తీసుకున్నవారిది 77 నెలలు. కీమో గుంపులో 38 శాతం మందికి, తీసిన మూత్రాశయాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి వెతికినా క్యాన్సర్ దొరకలేదు. నేరుగా ఆపరేషన్ అయినవారిలో అలాంటివాళ్లు 15 శాతం. కీమో వల్ల ఆపరేషన్ చేయించుకోలేకపోతారన్న భయం కూడా ఆ ట్రయల్‌లో నిజం కాలేదు. రెండు గుంపుల్లోనూ ఆపరేషన్ దాకా వచ్చినవారు ఇంచుమించు సమానమే. ఇరవై దేశాల్లో 976 మందితో జరిగిన ఇంకో ట్రయల్‌లో, పదేళ్ల తర్వాత బతికున్నవారు 30 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. పదకొండు ట్రయల్స్‌ను, 3,005 మందిని కలిపి లెక్కగడితే, ఐదేళ్లు బతికేవారు వందకు 45 నుంచి 50కి పెరిగారు.

ఐదుగురేనా అంటారేమో. మా స్కూల్లో పదో తరగతి రెండు సెక్షన్లూ కలిపితే దాదాపు వంద మంది. ఐదుగురంటే ఒక బెంచీ. ఒక బెంచీ ఖాళీ అయితే అటెండెన్స్ తీసుకునేటప్పుడు ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

అమెరికా ట్రయల్‌లో ఇచ్చిన కీమోలో నాలుగు మందులున్నాయి. మొదటిది మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపించిన పరిశోధనలోంచి వచ్చిన మందు అది. మా ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి ప్రపంచానికి ఇచ్చిన మందు గురించి, ఆ జిల్లాలోనే పుట్టిన మా నాన్నకు ఎవరూ చెప్పలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా గుండె పట్టేసినట్టు ఉంటుంది.

ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమోకు కూడా మేలు ఉందని తెలుసు. ముందు ఇవ్వనివాళ్లకు, రిపోర్టులో క్యాన్సర్ బయటికి పాకిందని తేలినవాళ్లకు అది ఇవ్వాల్సిందే. కానీ దాని సాక్ష్యం ముందు ఇచ్చేదానంత గట్టిగా లేదు. 660 మందితో చేద్దామనుకున్న యూరప్ ట్రయల్ మనుషులు దొరక్క 284 మందితోనే ఆగిపోయింది. అసలు చిక్కు అది కూడా కాదు. అంత పెద్ద ఆపరేషన్ తర్వాత మందు తట్టుకునే ఒళ్లు ఎంతమందికి మిగులుతుంది? మా నాన్నకు మిగల్లేదు.

యూరప్, అమెరికా యూరాలజిస్టుల సొంత సంఘాల మార్గదర్శకాలు కూడా, తగిన పేషెంట్లకు ఆపరేషన్‌కు ముందు సిస్‌ప్లాటిన్ కీమో ఇవ్వమనే చెబుతున్నాయి. ఆ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. తెలిసి కూడా చెప్పకపోతే మాలాంటి ఇళ్లల్లో ఏం జరుగుతుందో కింద రాస్తున్నాను.

1. చేజారిన అవకాశం మళ్లీ రాదు. ఆపరేషన్ తర్వాత చాలామందికి కిడ్నీ పనితీరు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి. అప్పుడు "కీమో ఇద్దాంలే" అనుకుంటే మందు ఉంటుంది గానీ ఒళ్లు సహకరించదు. కంటికి కనబడని కణాలు అప్పటికే రక్తంలో తిరుగుతుంటే, మూత్రాశయం తీసినంత మాత్రాన అవి పోవు. ముందు కీమో వాటి కోసమే.

2. ఆ ఆపరేషన్ ఇంటిల్లిపాదినీ మార్చేస్తుంది. పొట్ట మీద తగిలించే సంచికి మధ్యలో రంధ్రం కత్తిరించుకోవాలి. చిన్నదైతే ఒరుసుకుని రక్తం వస్తుంది, పెద్దదైతే మూత్రం కారి చర్మం పుండవుతుంది. మా అమ్మ జాకెట్లు కుట్టే కత్తెరతో, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన అట్టముక్క కొలత పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ కత్తిరించేది. మొదటి రెండు నెలలు నాన్న పక్క మీద పడుకోలేదు, తడిసిపోతుందని కింద ప్లాస్టిక్ పట్టా పరుచుకునేవారు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. ఇంత త్యాగం చేయించే ఆపరేషన్‌కు, దాని ఫలితం పెరిగే దారి ఏదైనా ఉంటే ముందే చెప్పడం మీ బాధ్యత. కొంతమందికి మూత్రాశయం ఉంచి రేడియేషన్, కీమో కలిపి ఇచ్చే పద్ధతి కూడా పనికొస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఆ మాట కూడా మేం వినలేదు.

3. కీమో అంటే జుట్టు ఊడి, మంచం పట్టి పోవడమే అని మా ఊళ్లల్లో భయం. మీరు మాట్లాడకపోతే ఆ భయమే మాట్లాడుతుంది. "మా పెద్దనాన్న కీమోతోనే పోయాడు" అని పక్కింటివాళ్లు చెప్పిందే మాకు వైద్య సలహా అవుతుంది.

4. ఖర్చు. జబ్బు తిరగబెట్టాక స్కానింగులు, కొత్త మందులు, అంబులెన్సులు. నాన్న చివరి ఆరు నెలలకు అమ్మ గాజులు పోయాయి, తమ్ముడు చేనేత సొసైటీలో ఉద్యోగం మానేశాడు. ఆరోగ్య పథకం కార్డు ఉన్నా ఇంతే. కార్డు వైద్యానికి డబ్బు కడుతుంది, ఇంట్లో సంపాదించే చెయ్యి ఆగిపోతే దానికి కట్టదు.

ఆలస్యమైతే జబ్బు పాకుతుందని మీలో కొందరి టెన్షన్. అది న్యాయమైనదే. కానీ జెమ్‌సైటబిన్ అనే ఇంకో కీమో మందు, సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చే పద్ధతిలో నాలుగు సైకిళ్లు పన్నెండు వారాల్లో అయిపోతాయి. ఆపరేషన్ తేదీ కూడా ముందే రాసుకుంటే ఎవరూ మధ్యలో జారిపోరు. ఇవి ఖరీదైన కొత్త మందులు కూడా కావు. పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి, రెండూ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఈ కీమోకు దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే) మందు జోడించి, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఇస్తే ఫలితం ఇంకా పెరిగిందని 1,063 మంది మీద జరిగిన ట్రయల్ 2024లో చెప్పింది. మేం ఇవాళ దాన్ని అడగట్లేదు. ఇరవై ఏళ్ల కిందటే తేలిపోయినదాన్ని అడుగుతున్నాం.

మా డిమాండ్లు ఇవి.

1. బయాప్సీలో కండరంలోకి దిగిందని రాగానే, ఆపరేషన్ తేదీ ఇవ్వకముందే పేషెంటును మెడికల్ ఆంకాలజిస్టుకు చూపించాలి. చూపించారని ఫైల్లో రాయాలి. కీమో వద్దనుకుంటే ఎందుకు వద్దనుకున్నారో ఒక్క వాక్యం రాయాలి: కిడ్నీ, చెవులు, నరాలు, గుండె, పేషెంటు ఇష్టం, ఏదైతే అది. మీ ఊళ్లో ఆంకాలజిస్టు లేకపోతే ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడినా చాలు. గీకి తీసిన ముక్కలో కండరం అసలు వచ్చిందో లేదో కూడా రిపోర్టులో స్పష్టంగా ఉండాలి. రాకపోతే రెండోసారి గీకి చూడాలి.

2. ఆరోగ్య పథకాల అధికారులకు: మూత్రాశయం తీసే ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి అడిగినప్పుడు ఆ ఆంకాలజిస్టు అభిప్రాయం, కిడ్నీ లెక్క రెండూ జతచేయాలని నిబంధన పెట్టండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాకే మాలాంటి ఇళ్లల్లో క్యాన్సర్ ఆపరేషన్ గురించి ఆలోచించే ధైర్యం వచ్చింది, ఆ కృతజ్ఞత మాకుంది. ఆ ధైర్యాన్ని సరైన వరుసలో వాడుకోనివ్వండి. ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్న వైద్యానికి మొత్తం కలిపి ఒకేసారి అనుమతి ఇవ్వండి. ప్రతి సైకిల్‌కూ కాగితాలు పట్టుకుని తిరిగితే మధ్యలో మానేసేవాళ్లు మా ఊళ్లవాళ్లే.

3. గడ్డ అడ్డుపడి కిడ్నీ వాచినవాళ్లను "క్రియాటినిన్ ఎక్కువ" అని వెంటనే పక్కన పెట్టకండి. డీజే స్టెంటో (మూత్రనాళంలో పెట్టే సన్నని గొట్టం), నడుములోంచి గొట్టమో వేసి, కిడ్నీ కోలుకుంటుందేమో చూసి, అప్పుడు నిర్ణయించండి.

4. సిస్‌ప్లాటిన్ నిజంగా పడనివాళ్లకు ఆ మాట నిజాయితీగా చెప్పండి. ఆపరేషన్‌కు ముందు కార్బోప్లాటిన్ అనే వేరే కీమో మందు దాని బదులు పనిచేస్తుందన్నట్టు ఇచ్చి నెలలు గడపొద్దు. వాళ్లకు ఆపరేషన్ తొందరగా చేయడమో, ట్రయల్ ఉంటే పంపడమో మేలు.

5. మందు మా దగ్గరికి తీసుకురండి. ప్రతి సైకిల్లో ఒకటో రోజు, ఎనిమిదో రోజు వెళ్లాలి. నాలుగు సైకిళ్లకు ఎనిమిది ప్రయాణాలు. సిస్‌ప్లాటిన్ రోజున సెలైన్లు ఎక్కించాలి కాబట్టి పెద్దాసుపత్రికి వస్తాం. ఎనిమిదో రోజు జెమ్‌సైటబిన్ ఒక్కటే, అరగంటలో ఎక్కిపోతుంది. దాని కోసం ఏజెన్సీ గ్రామాల నుంచి విశాఖపట్నమో, హైదరాబాదో రావాలా? జిల్లా ఆసుపత్రులన్నింటిలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని కేంద్రం 2025 బడ్జెట్లో చెప్పింది. అవి వచ్చినచోట మొదట ఇలాంటివి ఇవ్వండి.

6. తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. ఈ కీమో ఎందుకు, ఎన్ని వారాలు, ఏం ఇబ్బందులొస్తాయి, జ్వరమొస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. పెద్ద అక్షరాల్లో ఉండాలి, మా అమ్మ చదవగలిగేలా.

7. ప్రతి ఏటా రెండు అంకెలు ప్రకటించండి. మీ పథకాల కింద క్యాన్సర్ కోసం ఎన్ని మూత్రాశయాలు తీశారు, వాళ్లలో ఎంతమందికి ముందు కీమో అందింది. ఆపరేషన్ బిల్లూ కీమో బిల్లూ రెండూ మీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. కొత్తగా సర్వే అక్కర్లేదు, కార్డు నంబరుతో కలిపి లెక్కపెడితే చాలు. ఆసుపత్రి వారీగా ఇస్తే ఇంకా మంచిది. మొదటి లెక్క ఏ తేదీకి ఇస్తారో చెప్పండి.

నాన్న ఫైలు నా దగ్గరే ఉంది, బయాప్సీ నుంచి చివరి స్కానింగ్ దాకా. మీలో ఎవరు చూడాలన్నా ఆదివారాలూ సెలవు రోజులూ నేను తీసుకొచ్చి చూపిస్తాను. మిగతా రోజుల్లో నాలుగున్నర తర్వాత.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్
జంగారెడ్డిగూడెం ప్రాంతం, ఏలూరు జిల్లా